సంక్రాంతి కార్డులు ఇంట్లోనే: ముగ్గు, జాజు, కొలువు మెట్లు (ప్రాజెక్టు డైరీ)

నవంబర్ ఆఖరి వారం

ఈసారి పండక్కి వాట్సాప్ ఫార్వర్డులు వద్దు, చేత్తో చేసిన కార్డులే పోస్టులో పంపుదాం అని డిసైడ్ అయ్యాం. అయ్యాం అంటే నేనూ మా పాపా. మా ఆయన చూద్దాంలే అన్నారు, కవర్ల మీద అడ్రస్‌లన్నీ ఆయనే రాయాలన్న సంగతి ఇంకా చెప్పలేదు. లిస్టు రాస్తే ముప్పై దాకా తేలింది, చాలావరకు ఇక్కడ రాజమండ్రి చుట్టుపక్కల ఊళ్లే, కొన్ని వైజాగ్, కొన్ని హైదరాబాద్, కరీంనగర్ వదిన వాళ్లకి ఒకటి, డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి ఒకటి.

కార్డుల వీడియోలు చాలా చూశాను గానీ ఒక్కళ్లు కూడా కవరు గురించి మాట్లాడరు. ముత్యాలు, అద్దాలు, ఎండిన పూలు, పైన బియ్యం గింజలతో నెమలి, చూడ్డానికి బావుంటుంది, చేతికి ఇవ్వడానికైతే ఓకే. పోస్టులో వెళ్లాలంటే మాత్రం దాని మీద ఠప్పున ముద్ర కొడతారు, కట్ట కట్టి సంచిలో వేస్తారు, ఇంకో ఊళ్లో ఇంకో ముద్ర. బియ్యం గింజ ఆ దెబ్బకి ఉండదు, ఉన్నా వారం తిరిగేసరికి పురుగు పడుతుంది. అందుకని మాది తిరగేసిన ప్లాన్: ముందు కవరు, తర్వాత బరువు, ఆ తర్వాతే డిజైన్.

మామూలు ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయల స్టాంపు, ఆపైన ప్రతి 20 గ్రాములకీ ఇంకో 5. కార్డు, కవరు, లోపల అంటించినవి అన్నీ కలిపి 20 దాటకూడదు అన్నమాట. ఇక్కడ ఒక లెక్క భలే పనికొస్తుంది. కాగితం మందం జీఎస్ఎమ్‌లో చెప్తారు కదా, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు అని, ఏ0 షీటు సరిగ్గా ఒక చదరపు మీటరు, ఏ4 అందులో పదహారో వంతు. కాబట్టి జీఎస్ఎమ్‌ని 16తో భాగిస్తే ఒక ఏ4 షీటు బరువు వచ్చేస్తుంది. 300 జీఎస్ఎమ్ ఏ4 ఒక్కటే 18.75 గ్రాములు, దాన్ని మధ్యకి మడిచి పెద్ద కార్డు చేస్తే కవరు కలిపేసరికి 20 దాటిపోతుంది, స్టాంపు డబల్. అదే షీటుని రెండుగా కోసి ఒక్కో ముక్కని మడిస్తే కార్డు ఏ6 సైజు, 9 గ్రాముల చిల్లర, కవరు నాలుగైదు గ్రాములు వేసుకున్నా హాయిగా సరిపోతుంది, పైగా ఒక షీటుకి రెండు కార్డులు. ఏ6 కార్డుకి సీ6 కవరు, 114 బై 162 మిల్లీమీటర్లు. సైజు ఫిక్స్.

డిసెంబర్ మొదటి ఆదివారం

స్టేషనరీ షాపులో 220 జీఎస్ఎమ్ ఐవరీ షీట్లు, 160 జీఎస్ఎమ్ కలర్ షీట్లు తెచ్చాను. షాపతను గ్లిట్టర్ షీట్లు కూడా చూపించాడు, ఆ గ్లిట్టర్ ఇల్లంతా ఉగాది దాకా ఉంటుంది, వద్దన్నాను.

ఇవాళంతా మడతల పనే. కాగితానికి ఒక వాటం ఉంటుంది, తయారయ్యేటప్పుడు లోపలి పీచు ఒకవైపుకి తిరిగి ఉంటుంది కదా, ఆ వైపుకి మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే అంచు పొరలు పొరలుగా చిట్లిపోతుంది. తెలుసుకోవడం ఈజీనే, షీటుని నలగకుండా మెల్లగా ఒకసారి నిలువుగా ఒకసారి అడ్డంగా వంచి చూడాలి, ఎటు వంచితే చెయ్యి తేలిగ్గా వెళ్తుందో అటే దాని వాటం. పాపకి ఇది తెగ నచ్చేసి ఇంట్లో ఉన్న కాగితాలన్నీ, కరెంటు బిల్లుతో సహా, వంచి చూసింది.

మందం కాగితాన్ని చేత్తో నేరుగా మడవకూడదు, ముందు గీత నొక్కుకోవాలి. దీనికోసం స్పెషల్‌గా టూల్ అమ్ముతారు గానీ ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను, స్టీలు స్కేలు చాలు, కింద పాత పత్రిక ఒకటి పరిచి పెన్నుతో ఒత్తి గీస్తే కాలవలా గుంట పడుతుంది, వెనకవైపు సన్నగా గట్టు లేస్తుంది. మడిచేటప్పుడు ఆ గట్టు లోపలికి రావాలి, గుంట బయటికి. చాలామంది గుంటలోకి మడుస్తారు, అలా చేస్తే పైపొర సాగి చిట్లుతుంది. మడత మీద చివర్లో స్టీలు చెంచా వెనకవైపు పెట్టి ఒక్కసారి లాగితే అయిపోయింది.

డిసెంబర్ రెండో వారం, రంగులు

పండగ వాకిట్లో ఉండే రంగులే కార్డు మీద ఉండాలని నా పంతం. పసుపు, జాజు, సున్నం తెల్లదనం. షాపులో కొన్న పోస్టర్ కలర్స్ ఉన్నాయి, అవసరమైతే వాడదాం, కానీ ముందు ఇవి.

జాజు కిరాణా కొట్లో గడ్డలుగా దొరుకుతుంది, ఎర్రమన్నే, ఇనుము తుప్పు కలిసిన మట్టి, అందుకే అంత ఎరుపు. గడ్డని నూరి నీళ్లలో వేసి బాగా కలిపి అర నిమిషం ఆగి పైన ఉన్న ఎర్రనీళ్లు మాత్రం ఇంకో గిన్నెలోకి వంపేస్తే ఇసక అడుగున ఉండిపోతుంది, ఆ ఎర్రనీళ్లని రాత్రంతా వదిలేస్తే అడుగున మెత్తగా వెన్నలాంటి మట్టి దిగుతుంది, అదే రంగు. దానికి రాత్రి నానబెట్టిన తుమ్మ బంక కలపాలి. బంక ఎంత అంటే, ఒక ముక్క మీద పూసి ఆరాక వేలితో రుద్ది చూడాలి, వేలికి అంటితే ఇంకొంచెం కావాలి, ఆరాక పెచ్చులుగా పగుళ్లిస్తే ఎక్కువైంది. మా కొలత చివరికి మూడు చెంచాల జాజు ముద్దకి ఒక చెంచా చిక్కటి బంకనీళ్ల దగ్గర ఆగింది. జాజులో గొప్ప సంగతి ఏంటంటే ఎండకి వెలవదు. గోడకి, అరుగుకి పూసేది ఊరికే కాదు.

పసుపు అలా కాదు. చీర మీద పసుపు మరక పడితే ఉతికి ఎండలో ఆరేస్తే పోతుంది కదా, కార్డు మీద పసుపు కూడా అంతే, కిటికీ దగ్గర పెడితే వెలిసిపోతుంది. కానీ కవర్లో ఉన్నన్నాళ్లు బాగానే ఉంటుంది, తీసిన రోజు కళకళలాడితే చాలు అనుకుని వాడేస్తున్నాం. నీళ్లలో పసుపు కరగదు, గరుకుగా ఉండిపోతుంది, కొంచెం స్పిరిట్‌లో (శానిటైజర్ అయినా పర్లేదు) కలిపి గుడ్డతో వడకడితే మంచి చిక్కటి రంగు దిగుతుంది. స్టవ్ దగ్గర మాత్రం ఈ పని వద్దు.

ఇంక పాపకి మ్యాజిక్. పసుపు పూసి ఆరిన కాగితం మీద సున్నపు తేటలో బ్రష్షు ముంచి గీస్తే గీసిన చోటల్లా ఎర్రగా తేలుతుంది, పారాణి ఎలా వస్తుందో ఇదీ అలాగే, పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రబడేదీ ఇందుకే. సున్నం కంటికి మంచిది కాదు కాబట్టి పాపకి వంటసోడా నీళ్లు ఇచ్చాను, ఎరుపు కాస్త ఇటుకరంగు వైపు ఉంటుంది గానీ పని జరుగుతుంది. ఆ రకంగా గడప కార్డు తయారైంది: మడత పక్కన నిలువుగా పసుపు పట్టీ, దాని మీద వరసగా ఎర్రబొట్లు, మిగతాదంతా ఖాళీ. అన్ని కార్డుల్లోకీ తక్కువ పని దీనికే, చూడ్డానికి మాత్రం ఇదే బావుంది అంటున్నారు ఇంట్లో అందరూ, ముగ్గు కార్డుకి అంత కష్టపడ్డ నాకు కొంచెం మండింది.

నెలగంట పెట్టిన రోజు

ధనుర్మాసం వచ్చేసింది. అత్తయ్యగారు పెట్టెలోంచి ముగ్గుల పుస్తకం తీశారు, పుస్తకం అంటే పాత లాంగ్ నోట్‌బుక్, సగం పేజీలు పెన్సిల్‌తో, కొన్నిటి మీద నూనె మరకలు, ఒక్కో ముగ్గు కింద ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసి ఉంది. అందులోంచి సందు చుక్కల మెలికల ముగ్గు ఒకటి ఎంచుకున్నాం, 7 నుంచి 4 దాకా. అంటే మధ్య వరస 7 చుక్కలు, అటూ ఇటూ 6, 5, 4, మొత్తం 37 చుక్కలు. ఏ6 కార్డు మీద చుక్కకీ చుక్కకీ 12 మిల్లీమీటర్లు, వరసకీ వరసకీ 10 పెడితే చుట్టూ అంచు కూడా మిగులుతుంది. గ్రాఫ్ పేపర్ మీద ఒకసారి గీసుకుంటే అదే అచ్చు, ప్రతి కార్డు మీద పెట్టి పిన్నుతో చుక్కలు పొడిచేయడమే.

ఈ ముగ్గుని రెండు రకాలుగా చేస్తున్నాం. ఎక్కువ కార్డులకి జాజు పూసిన నేల మీద తెల్ల జెల్ పెన్ను. జాజు తడిగా పూస్తే కాగితం వంకర్లు పోతుంది కాబట్టి నాలుగు అంచులూ అట్టకి టేపు వేసి, పూర్తిగా ఆరాకే తీయాలి, ఆ తర్వాత ఒక రాత్రి లావు పుస్తకాల కింద. జెల్ పెన్ను జాజు మట్టిని గీరుకుని మొన మూసుకుపోతూ ఉంటుంది, పక్కన తడిగుడ్డ పెట్టుకుని మధ్యమధ్యలో తుడవాలి.

రెండోది దారం ముగ్గు, బాగా దగ్గరవాళ్లకి మాత్రమే. ఎర్ర షీటు మీద మెలిక నడిచే దారిలో ముందు సూదితో కన్నాలు పెట్టుకుని తెల్ల ఎంబ్రాయిడరీ దారం, రెండు పోగులు, వెనకకుట్టు వేసుకుంటూ పోవాలి. కన్నానికీ కన్నానికీ 5 మిల్లీమీటర్లు ఉండాలి, మెలిక గుండ్రంగా రావాలని ఇంకా దగ్గర చేస్తే కాగితం స్టాంపుల షీటులాగా ఆ గీత వెంబడే చిరుగుతుంది. వెనకాల ముడి వేయకూడదు, ముడి ఉబ్బెత్తుగా ఉంటే ముద్ర కొట్టినప్పుడు ముందుకి గుంట పడుతుంది, దారం కొసలు టేపుతో అంటించి పైన ఇంకో కాగితం మూసేయడమే.

నేను కుడుతుంటే అత్తయ్యగారు పక్కన కూర్చుని కళ్లజోడు సర్దుకుని చూస్తున్నారు.

"అమ్మాయ్, ఆ ఎడమ పక్క మూడో చుక్క దగ్గర దారి మారింది చూడు. అటు తిప్పావంటే ముగ్గు రెండు ముక్కలైపోద్ది."

"కార్డు మీద ఎవరు చూస్తారు అత్తయ్యగారూ..."

"మీ పెద్దమ్మగారు చూస్తారు. ఆవిడకి వేరే పనేముంది."

నిజమే, పెద్దమ్మ వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా నడిపించి మరీ చూస్తుంది. విప్పి మళ్లీ అక్కణ్నుంచి కుట్టాను.

డిసెంబర్ 20 దాటాక, మధ్యలో క్రిస్మస్

పక్కింటి ఆంటీ వాళ్లకి, పాప ట్యూషన్ మేడమ్‌కి క్రిస్మస్ కార్డులు కావాలి, టైమ్ లేదు, అప్పుడు బెండకాయ ఆదుకుంది. బెండకాయ అడ్డంగా కోస్తే అయిదు మూలల నక్షత్రం రెడీగా ఉంటుంది. కొంచెం ముదురుదే తీసుకోవాలి, లేతది నొక్కగానే నలిగిపోతుంది. కోసిన వైపు గుడ్డతో అద్ది ఆ జిగురు పోయాకే రంగు, రంగు కూడా గిన్నెలో ముంచకుండా తడి స్పాంజి మీద పూసుకుని దానికి అద్దాలి, లేదంటే ముద్దగా పడుతుంది. నీలం కాగితం, తెల్ల నక్షత్రాలు, ఒకటి మాత్రం పసుపు రంగుది పెద్దగా పైన. అరగంటలో అయిపోయాయి. అరటి డొప్ప కోసి అద్దితే జల్లెడ గళ్లలా భలే డిజైన్ వచ్చింది, దాన్ని కవర్ల లోపలివైపుకి వాడాలని పక్కన పెట్టాను.

డిసెంబర్ ఆఖరి వారం, కొలువు కార్డు

ఇది నాకు ఇష్టమైన పార్టు, కాబట్టి వివరంగా రాస్తున్నా.

మా వైపు బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు. కార్డు తెరవగానే మూడు మెట్ల కొలువు లేచి నిలబడాలి, ఇదీ ఐడియా. దీనికి విడిగా మెట్లు చేసి అంటించక్కర్లేదు, లోపలి షీటులోనే రెండు గాట్లు పెట్టి మధ్య పట్టీని ముందుకీ వెనక్కీ మడిస్తే చాలు.

లోపలి షీటు ఏ5 సైజు (ఏ4లో సగం), 160 జీఎస్ఎమ్. పొడుగు సగానికి మడత గీత నొక్కుకోవాలి, ఆ గీతకి పైభాగం గోడ అవుతుంది, కింది భాగం నేల. ఇప్పుడు గీతకి పైన 4.5 సెంటీమీటర్లు, కింద 4.5, మొత్తం 9 సెంటీమీటర్ల నిలువు గాట్లు రెండు, వాటి మధ్య ఎడం 8 సెంటీమీటర్లు. ఆ పట్టీ మీద పైనుంచి కిందికి ప్రతి 1.5 సెంటీమీటర్లకీ అడ్డంగా గీత నొక్కాలి. పైన మొదటి గీత లోపలికి మడత, తర్వాతది బయటికి, మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి, అలా కింది చివర దాకా. గమ్మత్తు ఏంటంటే కార్డు మొత్తం మధ్య మడత లోపలికి ఉంటే సరిగ్గా అదే గీత పట్టీ మీద మాత్రం బయటికి వస్తుంది, అక్కడ ఒకసారి వేళ్లతో జాగ్రత్తగా ముందుకి లాగాలి. మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి. అన్నీ మడిచాక కార్డు మూసి బాగా నొక్కి తెరిస్తే మూడు మెట్లు, ఒక్కోటి 1.5 ఎత్తు, 1.5 వెడల్పు.

బొమ్మల ఎత్తుకి ఒక హద్దు ఉంది, అది చూసుకోకపోతే కార్డు మూసినప్పుడు తలలు బయటికి పొడుచుకొస్తాయి. మెట్టు ముందువైపు బొమ్మని అంటిస్తాం కదా, కార్డు మూసినప్పుడు మెట్టు అంచు మడత నుంచి దాని ఎత్తూ దాని ముందుకి వచ్చిన దూరమూ కలిపినంత దూరం వెళ్తుంది. మన కొలతలకి మూడు మెట్లకీ అది 6 సెంటీమీటర్లే. మూసిన కార్డు ఎత్తు 10.5. అంటే మెట్టు మీద బొమ్మ 4.5 సెంటీమీటర్ల లోపు ఉండాలి, మేం భయంతో 3.5 దగ్గర ఆపేశాం.

బొమ్మలు పాప వేసింది. పై మెట్టు మీద దేవుడు, మధ్యలో కొండపల్లి దశావతారాలు వేద్దామంటే పది పట్టవు కాబట్టి ఏనుగు అంబారీ ఒక్కటే, ఏటికొప్పాక లక్క బొమ్మల్లో రాజా రాణి, కింది మెట్టు మీద హరిదాసు, గంగిరెద్దు, ఇంకా ఎందుకో ఒక డైనోసారు. తీసేయమన్నాను. "మామ్మ కొలువులో ప్లాస్టిక్ జిరాఫీ ఉంది కదా" అంది. ఉంది మరి. డైనోసారు ఉంచేశాం.

లోపలి షీటుని బయటి కార్డుకి అంటించేటప్పుడు మెట్ల వెనకాల జిగురు అస్సలు తగలకూడదు, అంచుల వెంబడే డబుల్ సైడ్ టేపు. ముందు ఒక సగం అంటించి, కార్డు మూసి, రెండో సగం మీద టేపు కాగితం తీసి మళ్లీ మూస్తే దానంతట అదే కరెక్ట్ చోట అంటుకుంటుంది.

బరువు: లోపలిది 5 గ్రాములు, బయటి 220 జీఎస్ఎమ్ ఏ5 ముక్క 7కి కాస్త తక్కువ, కవరు 4, బొమ్మలు ఒకటి, మొత్తం 17 దగ్గర. ఇంట్లో కాటా గ్రాముల్లో నమ్మేలా లేదు, వీధి చివర బంగారం కొట్లో తూయించాను, ఆయన నవ్వుతూనే తూచి 16.9 అన్నాడు. లెక్క కుదిరింది.

జిగురు గురించి చిన్న నోట్

మైదా ఉడికించిన జిగురు కాగితానికి కాగితం అంటించడానికి ఇప్పటికీ బెస్టే, చవక, తప్పుగా అంటితే కాసేపు జరుపుకోవచ్చు. పూర్వం పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలిపేవారు, అది విషం, పిల్లలు ఉన్న ఇంట్లో వద్దు, ఏ రోజుకి ఆ రోజు కొంచెం ఉడికించుకుంటే సరి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో నీళ్లు ఎక్కువ, పల్చటి కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది, చుక్క చుక్కగా అయితే ఓకే. కార్డు మొత్తానికి నా ఓటు డబుల్ సైడ్ టేపుకే.

జనవరి 1 తర్వాత, పిడకలు ఇంకా గాలిపటం

కార్డులు ఒకవైపు సాగుతుంటే పాప చేతులు ఊరుకోవు కదా, దానికి భోగి పిడకల డ్యూటీ. పాలు పోసే ఆయన్ని అడిగితే రోజూ బకెట్లో పేడ తెచ్చిస్తున్నాడు. పొద్దున్న ముగ్గు మధ్యలో గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడి పువ్వు, మర్నాడు అవే తీసి పిడకలు. అరచేతిలో పట్టేంత, వేలెడు మందం కంటే తక్కువగా తట్టి, తడిగా ఉండగానే మధ్యలో పుల్లతో కన్నం పెట్టాలి. ఆరేకొద్దీ కన్నం బిగుస్తుంది కాబట్టి ముందే పెద్దగా పెట్టుకోవాలి. గోదావరి గట్టు కదా, జనవరిలో పొద్దున ఎనిమిదింటి దాకా మంచే, డాబా మీద పెట్టినవి పగలు ఆరి రాత్రి మళ్లీ చెమ్మ పడుతున్నాయి, సాయంత్రం కాగానే లోపలికి తెచ్చేస్తే ఆ బాధ లేదు. మధ్యాహ్నం ఒకసారి తిరగేయాలి. దండ గుచ్చడానికి పురికొసే వాడాలి, నైలాను తాడైతే మంటలో కరిగి వాసన. మొదటి రోజు ముక్కు మూసుకున్న పిల్ల ఇప్పుడు పక్కింటి పిల్లలకి క్లాసు తీసుకుంటోంది, "నీది మరీ మందం, ఆరదు" అంటూ.

కరీంనగర్ వదిన వాళ్లకి మాత్రం గాలిపటాల కార్డు చేశాను, అక్కడ పండగంటే పిల్లలందరూ డాబాల మీదే ఉంటారు, కొలువు కంటే ఇదే నప్పుతుంది. గాలిపటాల పల్చటి రంగు కాగితం నీళ్లు తగిలితే రంగు వదిలేస్తుంది, దాన్నే వాడుకున్నా. తెల్ల కార్డుని బ్రష్షుతో తడిపి, పలకల్లా కోసిన రంగు ముక్కలు దాని మీద పరిచి, పైన ఇంకోసారి తడిపి వదిలేస్తే ఆరాక కాగితాలు ఊడిపోతాయి, కింద రంగు అచ్చు మిగులుతుంది, అంచులు మబ్బుల్లా చెదిరి. ఎరుపూ నీలమూ బాగా దిగాయి, పసుపు అంతంత మాత్రం. ఆ అచ్చుల మీద పెన్నుతో అడ్డపుల్ల, నిలువుపుల్ల, తోక గీస్తే ఆకాశం నిండా గాలిపటాలు. పైన ఉబ్బెత్తుగా ఏమీ లేదు, పోస్టుకి ఇంతకంటే మంచి కార్డు ఇంకోటి లేదు.

జనవరి మొదటి వారం, డిస్పాచ్

అన్నీ పంపే ముందు ఒక దారం ముగ్గు కార్డు, ఒక కొలువు కార్డు మా ఇంటి అడ్రస్‌కే రాసి పోస్టు డబ్బాలో వేశాం. రెండూ తిరిగొచ్చాయి. దారం ముగ్గు చెక్కుచెదరలేదు. కొలువు కార్డులో మెట్లు బానే లేచాయి, హరిదాసు తల మీది అక్షయపాత్ర మాత్రం వంగింది, అందుకని మిగతావాటిలో బొమ్మల వెనకాల ఇంకో పొర కాగితం వేశాం. స్టాంపు పక్కన ముద్ర గట్టిగానే పడింది, కాబట్టి ఇంకో రూలు: కవరు కుడివైపు పైమూలకి ఎదురుగా లోపల కార్డు మీద ముఖ్యమైనది ఏదీ ఉండకూడదు.

లోపల రాతకి వస్తే, తెలుగు అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు, వరసల మధ్య జాగా బాగా వదలాలి, 'శుభాకాంక్షలు'లో క్ష దగ్గరే అందరి పెన్నూ ఇరుక్కుంటుంది. రబ్బరు మీద చెక్కి స్టాంపు చేద్దామా అనుకున్నాం గానీ ఆ సైజులో క్ష చెక్కడం కంటే ముప్పైసార్లు రాయడమే తేలిక. రబ్బరు మీద చెరుకుగడ, కుండ, రేగుపండు చెక్కాం, వాటికి ఒత్తులు లేవు. శుభాకాంక్షల కింద ప్రతి కార్డులోనూ ఆ ఇంటివాళ్లకి మాత్రమే సంబంధించిన ఒక్క వాక్యం రాయాలని పెట్టుకున్నాం. దీనికే ఎక్కువ టైమ్ పట్టింది. ఫోన్లో గంట మాట్లాడే మనిషికి ఒక వాక్యం రాయాలంటే ఏం రాయాలో తోచదు.

అడ్రస్‌లు మా ఆయన రాశారు, ఒప్పుకున్నారు మొత్తానికి, ఆయన దస్తూరీ బావుంటుంది అని పొగిడాక. పిన్ కోడ్ లేకుండా ఒక్కటి కూడా వెళ్లకూడదని నా పట్టు. ఇక్కడ చుట్టుపక్కలవి 533, వైజాగ్ 530, హైదరాబాద్ 500, కరీంనగర్ 505. మొదటి 5 అంటే మన రెండు రాష్ట్రాలూ కర్ణాటకా. మొదటి మూడు అంకెల ప్రకారం కట్టలు కట్టి కౌంటర్లో ఇస్తే ఆవిడ ఒక్కోటీ తూచి చూసింది, అన్నీ 20 లోపే. "ఎన్నాళ్లైందండీ ఇన్ని గ్రీటింగులు చూసి" అంది, ఒకప్పుడు డిసెంబర్ వస్తే బస్టాండ్ పక్కన పందిళ్లు వేసి సినిమా హీరోల కార్డులు, పాట వచ్చే కార్డులు అమ్మేవారు, ఆ రోజులు ఆవిడకీ గుర్తున్నాయి. వెనకాల క్యూలో ఉన్నాయన దగ్గడంతో మాటలు ఆపేశాం.

భోగి ముందు రోజు

చేరినట్టు ఫోన్లు వస్తున్నాయి. పెద్దమ్మ ముగ్గు వేలితో నడిపించిందట, కలిసింది అంది. వైజాగ్ బాబాయ్ కొలువు కార్డుని నిజం కొలువులో కింది మెట్టు మీద పెట్టారు, ఫొటో పంపారు. రెండు కార్డులు ఇంకా చేరలేదు, రెండూ హైదరాబాద్‌వే, అపార్టుమెంట్ సెక్యూరిటీ దగ్గర ఉన్నాయేమో అడగమని చెప్పాను.

డల్లాస్ తమ్ముడికి ఇక్కణ్నుంచి పంపితే పండక్కి అందదు కాబట్టి కొలువు కార్డు టెంప్లేట్ పీడీఎఫ్ పంపేశాను, మేనల్లుడు అక్కడే ప్రింటు తీసుకుని కోసుకుంటాడు. అక్కడి కాగితం ఏ4 కాదు, లెటర్ సైజు, 216 బై 279 మిల్లీమీటర్లు, కొంచెం పొట్టి, కొంచెం వెడల్పు. ప్రింటర్లో 'ఫిట్' పెడితే దాదాపు 94 శాతానికి తగ్గుతుంది, అన్నీ ఒకే లెక్కన తగ్గుతాయి కాబట్టి మెట్లకి ఇబ్బంది లేదు, గాట్లు మాత్రం నేను చెప్పిన సెంటీమీటర్లతో స్కేలు పెట్టి కొలవకుండా గీతల మీదే కోయమని రెండుసార్లు చెప్పాను. కవరు మాత్రం సీ6 కోసం వెతకొద్దు, సగం లెటర్ షీటు మడిస్తే వచ్చే కార్డుకి అక్కడ ఏ2 అని కవర్లు దొరుకుతాయి. వాడికీ డైనోసారు కావాలట, పాప వీడియో కాల్లో వేసి చూపిస్తోంది.

పిడకల దండలు రెండు రెడీ, ఒకటి మాది, ఒకటి పక్కింటి పిల్లలది. జాజు రంగు సీసాలో సగం ఉంది, బంక కలపనిది కాబట్టి పాడవదు, ఎండబెట్టి పొడిగా దాచేస్తా, ఉగాదికి మామిడాకు అచ్చులు వేద్దామని పాప ఇప్పుడే లిస్టు మొదలెట్టింది. 220 షీట్లు అయిపోయాయి, అవి తేవాలి.